వారం వారం ఒక వక్త



మొన్నామధ్య ఒక సాయంత్రం పొయ్యిమీద పప్పు వుడుకుతోంది. పోపుకి ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టానా అని వెతుకుతూ వుంటే ఫోను మోగింది. తార్నాకలో ఒక సేవా క్లబ్బు వుంది, పేరు చెప్పను లెండి, దాని కార్యదర్శిగారు. "అమ్మా, మీ రేడియో ప్రసంగాలు మా ఇంట్లో వింటూ వుంటాం. వచ్చే గురువారం మా వారపు సమావేశానికి మీరు అతిథి వక్తగా రావాలి. ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు, విషయం మీ ఇష్టం" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నా కాళ్ళు వణికాయి. రేడియోలో మాట్లాడడం వేరు. అక్కడ అద్దాల గదిలో మైకు ఒక్కటే వుంటుంది. అది మన చదువెంత అని అడగదు. నేను పదో తరగతి ప్యాసయినదాన్ని. ఆ క్లబ్బులో కూర్చునేవాళ్ళేమో డాక్టర్లు, యూనివర్సిటీ ప్రొఫెసర్లు, ఆడిటర్లు. వాళ్ళకి నేనేం చెప్పగలను? ఆ మాటే మా అత్తమ్మతో అంటే ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండా, "పోయి రా. నేనైతే ఆ క్లబ్బులకు పదేండ్లు పోయిన. ఒక్కనాడూ నోరు తెరవనియ్యలే" అంది. ఆ కథ తర్వాత చెబుతాను.

వెళ్ళేదీ లేనిదీ తేల్చుకునేముందు అసలు ఈ క్లబ్బులేమిటి, వారం వారం కలుసుకోవడమేమిటి, ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలిచి మాట్లాడించడమేమిటి అని నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివినకొద్దీ మన ఆడవాళ్ళ కథ అందులో ఎక్కడెక్కడో దాక్కుని బయటపడింది. అదే మీతో చెప్పుకుందామని.

ఈ సేవా క్లబ్బుల్లో పెద్దక్క రోటరీ. అక్క అన్నానే గాని చాలాకాలం అది అన్నల సంఘమే. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలో షికాగో నగరంలో పాల్ హారిస్ అనే వకీలు మరో ముగ్గురితో కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. ఆ ముగ్గురిలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన దర్జీ దుకాణం యజమాని. పెద్ద వూళ్ళో ఒంటరితనం పోగొట్టుకుందాం, ఒకరికొకరు పనికొద్దాం అన్నదే వాళ్ళ మొదటి ఆలోచన. ఈ వారం నీ ఆఫీసులో, పై వారం నా ఆఫీసులో అని వంతులవారీగా తిరుగుతూ కలుసుకునేవారు గనక తిరగడం అనే అర్థంలో రోటరీ అని పేరు పెట్టుకున్నారు. మనం వంతులేసుకుని పేరంటాలు చేసుకోమూ, అలాగే అనుకోండి.

ఒక్కొక్క వృత్తినుంచి ఒక్కొక్కరినే చేర్చుకోవాలని మొదట్లో నియమం. డాక్టరు ఒకరు, ప్లీడరు ఒకరు అన్నమాట. వారం వారం హాజరు తప్పనిసరి. ఒక వారం తప్పితే మరో వూరి క్లబ్బుకి వెళ్ళి అక్కడ హాజరు వేయించుకుని లెక్క సరిచేసుకోవాలి. మన పిల్లలు బడికి ఇంత కచ్చితంగా వెళితే ఎంత బాగుండును! ఈ వారంవారం పట్టు సడలింది 2016లోనే. నెలకి కనీసం రెండుసార్లు కలిస్తే చాలునని అప్పుడు సవరించుకున్నారు. అయినా పాత అలవాటున వారానికోసారి కూర్చునే క్లబ్బులు ఇంకా వున్నాయి.

మరి వీళ్ళు చేసిన మొదటి ప్రజాసేవ ఏమిటో తెలుసా? ఆస్పత్రి కాదు, బడి కాదు. మరుగుదొడ్డి! 1907లో షికాగో నడిబొడ్డున, నగరసభ భవనం దగ్గర జనానికి మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టారు. సారా దుకాణాలవాళ్ళు, పెద్ద పెద్ద బట్టలకొట్లవాళ్ళు అడ్డుపడ్డారు. ఎందుకంటారా? మగవాళ్ళకి అవసరమైతే సారా దుకాణానికి వెళ్ళాలి, వెళ్ళినందుకు ఒక గ్లాసు తాగాలి. ఆడవాళ్ళకి అవసరమైతే పెద్ద కొట్టులోకి వెళ్ళాలి, వెళ్ళినందుకు ఏదో ఒకటి కొనాలి. వూరికే మరుగుదొడ్డి దొరికితే వీళ్ళ బేరం పోదూ! చివరికి కట్టించారనుకోండి. బజారుకి బయల్దేరేముందు మంచినీళ్ళు తాగాలా వద్దా అని ఆలోచించే మనలాంటివాళ్ళకి ఈ సంగతి విలువ వేరే చెప్పక్కర్లేదు.

అంత తెలిసిన పెద్దమనుషులు ఆడవాళ్ళని సభ్యులుగా మాత్రం చేర్చుకోలేదు. ఎనభై నాలుగేళ్ళు చేర్చుకోలేదు. ఇంగ్లండులో మాంచెస్టరు నగరంలో రోటరీ సభ్యుల భార్యలు, భర్తల పనిలో చెయ్యి వేస్తూ వేస్తూ, మనకే ఒక సంఘం ఎందుకుండకూడదని 1923 నవంబరులో ఒక స్నానశాలలో సమావేశమయ్యారు. అవునండీ, స్నానశాలలోనే. ముందుండి నడిపినావిడ మార్గరెట్ గోల్డింగ్. నర్సుగా పనిచేసి, తర్వాత సొంత వ్యాపారం నడుపుకున్న మనిషి. 1924 జనవరి 10న ఆ సంఘం ఇన్నర్ వీల్ అనే పేరుతో స్థిరపడింది. రోటరీ గుర్తు చక్రం గదా, దానిలోపల ఇంకో చిన్న చక్రం. మన హైదరాబాదులోనూ ఇన్నర్ వీల్ క్లబ్బులున్నాయి, మీలో కొందరు సభ్యులై కూడా వుంటారు.

అమెరికాలో మాత్రం తగాదా కోర్టుకెక్కింది. కాలిఫోర్నియాలో డ్వార్టే అని చిన్న వూరు. అక్కడి రోటరీ క్లబ్బులో సభ్యులు తగ్గిపోతూ వుంటే 1977లో ముగ్గురు ఆడవాళ్ళని చేర్చుకున్నారు. పై సంస్థవారు వీల్లేదని 1978లో ఆ క్లబ్బు గుర్తింపే రద్దు చేశారు. ఆ వూరివాళ్ళు వెరవలేదు. "మాజీ రోటరీ క్లబ్బు" అని పేరు పెట్టుకుని వారం వారం సమావేశాలు మానకుండా నడుపుకున్నారు, పక్కన కోర్టులో కేసూ నడిపారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు ఆడవాళ్ళని కాదనడానికి వీల్లేదంది. ఆ ఏడే సిల్వియా విట్‌లాక్ అనే ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని ఆ క్లబ్బుకి అధ్యక్షురాలయింది. లయన్స్ క్లబ్బులవారు కూడా 1987లోనే ఆడవాళ్ళకి తలుపు తీశారు. రోటరీవారు ప్రపంచమంతటికీ వర్తించేలా నియమం మార్చింది 1989లో. మొత్తం సంస్థకి ఒక మహిళ అధ్యక్షురాలు కావడానికి మరో ముప్పై మూడేళ్ళు పట్టింది. 2022లో కెనడాకి చెందిన జెనిఫర్ జోన్స్ ఆ కుర్చీలో కూర్చుంది.

ఇదంతా చదివాక నాకు మన సంగతి గుర్తుకొచ్చింది. షికాగోలో ఆ నలుగురూ కూర్చోడానికి మూడేళ్ళ ముందే, 1902లో, మన బందరులో ఆడవాళ్ళు బృందావన స్త్రీ సమాజం పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళు ఓరుగంటి సుందరీ రత్నమాంబగారూ, భండారు అచ్చమాంబగారూ. అచ్చమాంబగారు బడికి వెళ్ళి చదివినావిడ కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటూ వుంటే తనూ నేర్చుకుంది. కన్నబిడ్డలు పోయిన దుఃఖంలో పుస్తకాలు పట్టుకుని, మన దేశపు స్త్రీల చరిత్రలు 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని రాసింది. వూరికే రాసి వూరుకోలేదు. ఆంధ్రదేశమంతా తిరిగి, వెళ్ళిన వూళ్ళో ఆడవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడి, సమాజాలు పెట్టించింది. రైలుబండీ ఎక్కి వూరూరూ తిరిగే అతిథి వక్త అన్నమాట! 1905 జనవరి 18న ముప్పై ఏళ్ళకే కన్నుమూసింది. షికాగోలో రోటరీ మొదటి సమావేశం ఆ తర్వాత నెలా అయిదు రోజులకి జరిగింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకుని నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మన తెలంగాణాలో 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగినప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. ఆ పక్కనే ఆడవాళ్ళ సభ కూడా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించారు. పరదాలు, ఘోషాలు వున్న రోజులు అవి. సభకి రావడమే ఒక సాహసం, వేదికెక్కి మాట్లాడడం మరింత సాహసం.

ఇక మన ఇంటి పక్క సంగతికి వస్తాను. మాది అంబర్‌పేట. మా పక్కనే వున్న డీడీ కాలనీ మీకందరికీ తెలుసు. ఆటోవాడికి డీడీ కాలనీ అంటాం, కూరగాయలబండివాడితో డీడీ కాలనీ అంటాం. ఆ రెండు డీ లూ ఎవరో మా పిల్లలకి తెలియదు, సిగ్గుపడకుండా చెప్పుకోవాలంటే పెళ్ళయి వచ్చిన చాలా ఏళ్ళదాకా నాకూ తెలియదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు! అక్కణ్ణించి యూనివర్సిటీ రోడ్డెక్కితే ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఆస్పత్రీ, కాలేజీ వుంటాయి. ఇంకా ముందుకి వెళితే ఆర్ట్స్ కాలేజీ, ఆపైన తార్నాక. ఆ దారినే గురువారం నేను వెళ్ళవలసింది.

దుర్గాబాయిగారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు. వయసొచ్చాక ఆ పెళ్ళిని వద్దనుకుని బయటికి వచ్చేసింది. కాకినాడలో చిన్నపిల్లగా వుండగానే ఆడపిల్లలకి హిందీ చెప్పేది. 1923లో అక్కడ కాంగ్రెసు మహాసభ జరిగితే, ఖద్దరు ప్రదర్శన తలుపు దగ్గర టిక్కెట్లు చూసే వలంటీరుగా నిలబెట్టారు. నెహ్రూగారు వస్తే, టిక్కెట్టు లేనిదే లోపలికి పంపనంది పద్నాలుగేళ్ళ పిల్ల. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి కేకలేసినా లొంగలేదు. వాళ్ళు టిక్కెట్టు కొన్నాకే తలుపు వదిలింది.

ఈ కథ చాలామందికి తెలిసిందే. నాకు అంతకంటే ఎక్కువ పట్టుకున్నది ఆవిడ మెట్రిక్యులేషను సంగతి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళినప్పుడు అక్కడ చదువురాక, తామే తప్పు చేశామో చెప్పుకోవడం కూడా రాక మగ్గుతున్న ఆడవాళ్ళని చూసింది. బయటికొచ్చాక చదువు మొదలుపెట్టింది. తోటిపిల్లలు కాలేజీలు ముగించే వయసులో కూర్చుని, బెనారసు మెట్రిక్ పరీక్షకి సొంతంగా చదివి ప్యాసయింది. ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ. ఆనర్సు చదువుతానంటే, ఆడపిల్లలకి హాస్టలు లేదు గనక వీలుకాదని వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు అన్నారు. ఏం చేసిందో చూడండి. చదువుకోదలచిన ఆడపిల్లలు రావలసిందని పేపర్లో ప్రకటన వేయించి, వచ్చిన పిల్లలతో తనే ఒక హాస్టలు నడిపి, ఇదిగో హాస్టలు వుంది అని చేరింది! తర్వాత మద్రాసులో లా చదివి వకీలయింది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలయింది. దానికి ముందు రూపం ఇరుగుపొరుగు పిల్లలతో కూడిన ఒక చిన్న సంఘం. దాని పేరు 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్'. బందరులో ఒక బృందావనం, మద్రాసులో ఒక బృందావనం! ఎవరు ఎవరిని తలుచుకుని పెట్టారో గాని, ఆ పేరులోనే ఏదో వుంది. తను రాసిన ఆ బెనారసు మెట్రిక్ పరీక్షకే, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకి తరగతులు పెట్టించింది దుర్గాబాయిగారు. అంటే నాలాంటి పదో తరగతి మనిషిని తక్కువ చూసే సంస్థ కాదు, పదో తరగతి దాకా చెయ్యిపట్టి నడిపించిన సంస్థ. తర్వాత ఆవిడ రాజ్యాంగ సభలో కూర్చోవడం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కావడం, అదే సంవత్సరం అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్ళాడడం, ఇవన్నీ పుస్తకాల్లో వున్నాయి. చివరి రోజుల్లో భార్యాభర్తలిద్దరూ మన హైదరాబాదులోనే వున్నారు. ఆవిడ 1981 మే 9న, ఆయన 1982లో కన్నుమూశారు.

ఇప్పుడు మా అత్తమ్మ కథ. మా మామగారు యూనివర్సిటీ ఆఫీసులో వుద్యోగం చేసేవారు. 1980 తర్వాత ఒక సేవా క్లబ్బులో సభ్యులు. అది ఇప్పుడు నన్ను పిలిచిన క్లబ్బు కాదు, మరొకటి. నెలలో ఒక వారం భార్యల్ని కూడా తీసుకురావాలి. పట్టుచీర కట్టుకుని వెళితే హాల్లో మగవాళ్ళకి అతిథి ఉపన్యాసం, పక్కగదిలో ఆడవాళ్ళకి తంబోలా! మధ్య తలుపు ఓరగా వేసి వుండేది. అత్తమ్మ తంబోలా కాగితం చేతిలో పెట్టుకుని తలుపుకి దగ్గరగా కుర్చీ వేసుకునేది. ఎందుకంటే ఆవిడకి ఆ ఉపన్యాసాలంటే ఇష్టం.

ఒకరోజు వక్తగా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థనుంచి ఒక శాస్త్రవేత్త వచ్చారట. ఆ సంస్థ సంగతి తెలుసుగా? 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో మన హైదరాబాదుకి తరలివచ్చింది. పిల్లల చూపు పోకుండా ఆరునెలలకోసారి ఎ విటమిను చుక్కలు వేయడం దేశమంతటా 1970లో మొదలయింది అక్కడి పరిశోధన వల్లే. గోధుమ, శనగపప్పు, పల్లీలు, బెల్లం కలిపి హైదరాబాద్ మిక్స్ అని పిల్లలకి బలమైన పొడి తయారుచేసిందీ వాళ్ళే. ఆ శాస్త్రవేత్త ఆ రోజు పిల్లల తిండి గురించి మాట్లాడారు. అయ్యాక ప్రశ్నలేమైనా వున్నాయా అన్నారు. హాల్లో ఒక పెద్దమనిషి రోజుకి ఎన్ని కోడిగుడ్లు తినొచ్చని అడిగాడట.

అత్తమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో పల్లెటూరు. అక్కడ కూలికి వచ్చే ఆడవాళ్ళకి మెడచుట్టూ, చేతులమీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు రాలడం, మనిషి నీరసపడి, మతి చెదిరినట్టు కావడం చిన్నప్పుడు చూసింది. అమ్మవారు అనేవాళ్ళు, శాపం అనేవాళ్ళు. ఆవిడకి తోచిందేమంటే, వాళ్ళందరూ మూడుపూటలా ఒట్టి జొన్నరొట్టె, జొన్నగటక తినేవాళ్ళే. తంబోలా కాగితం వెనక పెన్సిలుతో ఆ ప్రశ్న రాసి, టీలిచ్చే కుర్రాడి చేత లోపలికి పంపింది.

శాస్త్రవేత్త చీటీ చదివి ఒక్క క్షణం ఆగారట. "ఇది ఈరోజు వచ్చిన వాటిలో మంచి ప్రశ్న. ఈ జబ్బు పేరు పెల్లాగ్రా. మా సంస్థ పనిచేసింది సరిగ్గా దీనిమీదే" అన్నారట. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువనీ, తిండిలో వేరే ఏమీ లేకుండా అదే తింటే నియాసిన్ అనే విటమిను ఒంటికి అందకుండా పోతుందనీ, పప్పు, పల్లీలు, పాలు, ఆకుకూర తోడైతే ఆ బాధ వుండదనీ వివరంగా చెప్పారట. (జొన్నలమీద నేను అపవాదు వేస్తున్నాననుకోకండి. ఇప్పుడు జొన్నరొట్టె మా ఇంట్లోనూ వారానికి మూడు రోజులు చేస్తాను. దోషం జొన్నది కాదు, పక్కన కూర లేని పేదరికానిది.) చివరికి, "ఈ ప్రశ్న అడిగినవారెవరు? వారు ఏ వూళ్ళో చూశారో తెలుసుకోవాలని వుంది" అని అడిగితే, అధ్యక్షుడుగారు నవ్వి, "ఎవరో మా సభ్యుల శ్రీమతి లెండి" అని, వందన సమర్పణకి గంట కొట్టేశారట.

"గంట కొట్టిండు" అంటుంది అత్తమ్మ ఇప్పటికీ, ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి. "నా పేరు అడగలే. వూరు పేరన్న అడగలే. ఆయన అడగబట్టె, ఈయన గంట కొట్టె." మామగారు ఇంటికొచ్చాక మెచ్చుకున్నారట గాని, ఆవిడ ఆ తర్వాత తలుపు పక్కన కూర్చోవడం మానేసింది. తంబోలా ఆడింది. ఒకసారి స్టీలు డబ్బా గెలిచింది కూడా. మా ఇంట్లో ఉప్పు దాంట్లోనే పోస్తాం.

సరే, గురువారం వచ్చింది. అత్తమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు నొప్పి. అయినా ఇస్త్రీ చీర కట్టుకుని నాకంటే ముందు ఆటోలో కూర్చుంది. ఆంధ్ర మహిళా సభ దాటుతుంటే ఆటోని కాస్త మెల్లగా పోనిమ్మంది. హాల్లో గంట కొట్టారు, జాతీయ గీతం పాడాం, క్రిందటి వారం మినిట్సు చదివారు, ఆలస్యంగా వచ్చిన ఇద్దరికి జరిమానా వేసి హుండీలో వేయించారు. సభ్యుల్లో అయిదారుగురు ఆడవాళ్ళున్నారు, అందులో ఒకావిడ కోశాధికారి. తంబోలా గది లేదు. నన్ను పరిచయం చేస్తూ కార్యదర్శిగారు "గృహిణి" అని ఆగి, ఇంకేం చెప్పాలో తోచక "రేడియో కళాకారిణి" అన్నారు. నేను లేచి, పదో తరగతి అని నేనే చెప్పేసి, ఇప్పుడు మీకు చెప్పిందే వాళ్ళకీ చెప్పాను. అచ్చమాంబగారి దగ్గర కొంచెం గొంతు పట్టుకుంది, మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఇరవై నిమిషాలకి ఒక నిమిషం ఎక్కువే మాట్లాడాను. చప్పట్లయ్యాక అధ్యక్షులుగారు, "ప్రశ్నలేమైనా వుంటే అడగవచ్చు" అన్నారు. ఒకరిద్దరు అడిగారు. గంట కొట్టబోయేంతలో రెండో వరుసలోంచి మా అత్తమ్మ చెయ్యెత్తింది. మైకు తెచ్చి ఇచ్చారు. ఆవిడ లేచి ముందు తన పేరు చెప్పింది. తర్వాత పుట్టినవూరి పేరు చెప్పింది. ఆ తర్వాత అడిగింది:

"షికాగోల మొట్టమొదలు మరుగుదొడ్డి కట్టించిన్రని నా కోడలు చెప్పె గద. మరి మీ క్లబ్బోళ్ళు ఈ అంబర్‌పేట నుంచి తార్నాక దాంక యాడన్న ఆడోళ్ళకు ఒక్కటన్న కట్టించిన్రా?"

అధ్యక్షులుగారు కార్యదర్శిగారివైపు చూశారు. కార్యదర్శిగారు మినిట్సు పుస్తకం తెరిచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. అత్తమ్మ మైకు పట్టుకుని నిలబడే వుంది.